నాలుగడుగుల రాజధాని

రైలు రావడానికి ఇంకా రెండు గంటలుండగానే అక్క స్టేషన్లో వాలిపోయింది. అప్పటికే ఇల్లు రెండుసార్లు ఊడ్చి, కర్టెన్లు మార్చి, ఎవరూ చూడని మంచం కింద కూడా తడిగుడ్డ పెట్టి మరీ వచ్చింది. ఆవిడది ప్రభుత్వ ముద్రణాలయంలో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని. ఎన్నడూ సెలవడగని మనిషి ముందురోజు సెలవు కావాలనేసరికి సూపర్వైజరు కంగారుపడ్డాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"ఒంట్లో బ్రహ్మాండంగా ఉంది సార్. మా చెల్లెలొస్తోంది!"

ఆ సంబరానికి కారణముంది. ఊళ్ళో ఉన్న రేడియో స్టేషనువాళ్ళు పొద్దుటి కార్యక్రమం చెప్పడానికి చెల్లెల్ని రమ్మన్నారు. ఆమె ఇప్పుడు చేస్తున్నదీ రేడియో పనే, కాకపోతే మహానగరంలో. వస్తుందో రాదో ఈ రోజే చెప్పాలి. ఊరు చూశాక చెబుతానంది. నచ్చితే ఉంటుంది, నచ్చకపోతే సాయంత్రం బండికి వెనక్కి వెళ్ళిపోతుంది. అంటే అక్క చేతిలో ఉన్నది ఒక్క పగలు.

అసలు చిక్కంతా అక్క నోటితోనే వచ్చింది. ఇన్నేళ్ళూ ఫోన్లో "మా రాజధాని, మా రాజధాని" అని ఊదరగొట్టేసింది. రాజధాని అన్నది అబద్ధమేం కాదు. చిన్న రాష్ట్రానికి చిన్న రాజధాని. అసెంబ్లీ ఉంది, మ్యూజియం ఉంది, మంత్రులున్నారు. కాకపోతే రోడ్డు మీద మేక పడుకుంటే మంత్రిగారి డ్రైవరు దిగొచ్చి దాన్ని బతిమాలుకునే రాజధాని. గోరంతలు కొండంతలు చెయ్యడంలో అక్కకు ఎదురులేదు. చెప్పినంతసేపూ బాగానే ఉంది, ఇప్పుడు చూపించాల్సొచ్చింది.

అక్క భర్త టెలిఫోను లైన్లు వేసే పనిమీద నెలలో మూడొంతులు ఊళ్ళు పట్టుకుని తిరుగుతాడు. అక్క సాయంత్రం పని నుంచి వచ్చి తాళం తీస్తే, లోపల ఫ్రిజ్ చప్పుడు తప్ప మరో పలుకుండదు. గుమ్మంలోంచి "అక్కా!" అని ఒక కేక వినబడితే ఎంత బాగుంటుందో అని ఆవిడ రోజూ అనుకునేది. ఆ మాట చెల్లెలితో మాత్రం అనలేదు. బతిమాలి రప్పించుకున్నట్టవుతుందని అభిమానం అడ్డొచ్చింది. అందుకే బతిమాలే పనంతా ఊరి మీద పెట్టింది.

రైలొచ్చింది. చెల్లెలు దిగింది. కాళ్ళకు కొత్త హైహీల్స్.

"అక్కా! మొదట ఎక్కడికి? అసెంబ్లీ ఎంత దూరం?"

"ఎంతనా? నాలుగడుగులే."

ఈ ఊరివాళ్ళ దగ్గర దూరానికి ఒకటే కొలత ఉంది. పక్కింటికీ నాలుగడుగులే, ఊరి చివరికీ నాలుగడుగులే. ఇక్కడివాడు ఆటో ఎక్కితే చూసినవాళ్ళు "పాపం, కాలు బెణికిందా?" అని పరామర్శిస్తారు. అక్కకూ ఆ అలవాటు ఎప్పుడో అంటుకుంది. పైగా ఈ రోజు ఊరు దగ్గరగా, ముచ్చటగా కనబడాలని ఆవిడ తాపత్రయం. అలా నాలుగడుగులూ వేసి, ఇంకో నాలుగు వేసి, బేకరీ దాటి, పోస్టాఫీసు దాటి, మెట్ల వీధి సగం ఎక్కేసరికి చెల్లెలి చెప్పు పట్టీ పుటుక్కున తెగింది.

"నీ నాలుగడుగులూ నువ్వూనూ!" అంది చెల్లెలు ఒంటికాలి మీద గెంతుతూ.

అక్కకు తల కొట్టేసినట్టయింది. ఇంకా ఒక్కటీ చూపించనేలేదు, అప్పుడే అపశకునం.

మెట్ల పక్కనే చెప్పులు కుట్టే తాత దుకాణం ఉంది. తాత హైహీల్ని చేతిలోకి తీసుకుని, కింద పైన చూసి, పెదవి విరిచాడు.

"ఇవి నడవడానికి చేసినవి కావమ్మా. నిలబడి ఫోటో దిగడానికి. సాయంత్రానికి కుట్టిపెడతాను. అందాకా ఇవి తొడుక్కో" అని అలమరలోంచి గోధుమరంగు తోలు చెప్పులు తీసి ముందు పెట్టాడు.

"ఎవరివి తాతా?"

"లెక్కల టీచరమ్మవి. కొత్త పట్టీ వేశాను. నాలుగడుగులు నడిస్తే తప్ప కుట్టు సర్దుకోదు. నీకు చెప్పులు కావాలి, వీటికి కాళ్ళు కావాలి. ఇద్దరి పనీ అవుతుంది."

చెల్లెలు అక్క వంక చూసింది. ఈ ఊళ్ళో ఇది మామూలే. తాత దగ్గర చెప్పులు ఇచ్చినవాళ్ళు ఎవరో ఒకరివి తొడుక్కుని పోతారు, వాళ్ళవి ఇంకెవరో తొడుక్కుని తిరుగుతుంటారు. ముఖ్యకార్యదర్శిగారి బూట్లలో పాలవాడు తిరిగాడన్న మాట కూడా ఉంది. అక్క కూడా ఎన్నిసార్లు తొడుక్కుందో లెక్కలేదు. కానీ మహానగరం నుంచి వచ్చిన పిల్ల ముందు అది చెప్పుకోవడానికి సిగ్గేసింది.

"ఛీ, ఛీ! ఎవరివో మనకెందుకు తాతా! దుకాణంలో కొత్తవి కొంటాను పదవే" అంది.

అప్పటికే చెల్లెలు కాళ్ళు దూర్చేసింది. "అబ్బ, ఎంత మెత్తగా ఉన్నాయో!" అని రెండు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి చూసుకుంది.

అసెంబ్లీ గేటుకు తాళం. సమావేశాలు లేవట. కాపలా మనిషి కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీ మీద కాళ్ళు పెట్టుకుని కునుకుతున్నాడు. అక్క గొంతు సవరించుకుంది. అతను లేచి, కళ్ళు నులుముకుని, చెల్లెలి మొహం కంటే ముందు కాళ్ళు చూశాడు.

"టీచరమ్మ చెప్పులు! తాత పట్టీ వేశాడా చివరికి? మా అబ్బాయికి లెక్కలు చెప్పింది ఆవిడే. రండి, రండి, లోపలికి రండి."

అలా చెప్పుల పలుకుబడితో అసెంబ్లీలోకి ప్రవేశం దొరికింది. లోపల కుర్చీలన్నిటికీ తెల్లగుడ్డలు కప్పి ఉన్నాయి. పై కిటికీల్లోంచి ఎండ పలకలు పలకలుగా నేలమీద పడుతోంది. అక్క ఫోన్లో వర్ణించిన బంగారు గోపురం మాత్రం ఎక్కడా లేదు. దాని చోట ఒక ఫ్యాను ఉంది. చెల్లెలు అదేమీ పట్టనట్టు మధ్యకు వెళ్ళి నిలబడి, ఒక్కసారి చప్పట్లు కొట్టి, కళ్ళు మూసుకుని విన్నది.

"అక్కా, ఈ గది వింటోంది!"

"మీరేం చేస్తారమ్మా?" అన్నాడు కాపలా మనిషి.

"రేడియోలో మాట్లాడతాను."

"అయితే ఏదన్నా చెప్పండి. ఈ గోడలకు కేకలే తప్ప మంచిమాట అలవాటు లేదు."

చెల్లెలు స్పీకరు కుర్చీ పక్కన నిలబడి, రేడియో గొంతుతో, "రేపు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. తేలికపాటి గాలులు వీస్తాయి" అంది. ఆ మాట గది చివరిదాకా పోయి, నెమ్మదిగా తిరిగొచ్చింది. కాపలా మనిషి ఆనందంగా తలూపి, "అయితే రేపు దుప్పట్లు ఉతకమంటాను మా ఆవిడను" అన్నాడు. చెల్లెలు పడీ పడీ నవ్వింది.

ఆ నవ్వు అక్కకు గుచ్చుకుంది. ఊరిని చూసి నవ్వుతోందనుకుంది.

మ్యూజియం మరీ అన్యాయం. తలుపు మూసి ఉంది. దాని మీద "ఇప్పుడే వస్తాను" అని ఉంది. కాగితం మీద కాదు, రేకు మీద, పచ్చరంగు పెయింటుతో, చుట్టూ చక్కని అంచు గీసి మరీ. ఆ "ఇప్పుడే" ఎప్పటిదో, రంగు కూడా పెచ్చులూడుతోంది. చెల్లెలు మెట్ల కమ్మీ పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. కిటికీ అద్దానికి మొహం ఆనించి లోపలున్న పాత పడవను చూస్తూ కూడా నవ్వింది. పక్కసందులో ఎవరో వయొలిన్ నేర్చుకుంటూ ఒకే ముక్క తప్పుగా వాయిస్తుంటే, మూడోసారి సరిగ్గా పడేదాకా నిలబడి విని, "హమ్మయ్య, పట్టేశాడు!" అని గంతేసింది.

మ్యూజియం ఎదుట టీకొట్లో కూర్చున్నాక కొట్టాయన గ్లాసులు పెడుతూ, "టీచరమ్మ చెప్పులు కదూ? నడక ఎలా ఉంది?" అన్నాడు. చెల్లెలికి మళ్ళీ నవ్వొచ్చింది. అంతే, అక్క కట్ట తెగింది.

"నవ్వు! బాగా నవ్వు! మీ ఊళ్ళో వాటంతటవే పాకుతూపోయే మెట్లున్నాయి, ఆకాశమంత మేడలున్నాయి. మాకు తాళాలున్నాయి, రేకుబోర్డులున్నాయి, ఊరుమ్మడి చెప్పులున్నాయి. నేను గొప్పలకు పోయి ఏదో వాగాను, నాకు తగిన శాస్తే అయింది. అంతమాత్రాన ఇంత వెటకారమా? నీకోసం మంచం కింద కూడా తుడిచానే నేను!"

"అక్కా, నేను చెప్పేది..."

"ఏం చెప్పక్కర్లేదు. ఒంటరిగా ఉండలేక పిలిచాననుకుంటున్నావేమో. అవును, ఉండలేకే పిలిచాను! సాయంత్రమైతే ఫ్రిజ్తో మాట్లాడుకుంటున్నాను, తెలుసా? తాగు టీ, చల్లారిపోతుంది. బండి టైమవుతోంది."

ఇన్నాళ్ళూ దాచుకున్నది టీకొట్టు బల్లమీద ఒలికిపోయింది. కొట్టాయన మర్యాదగా వెనక్కి తిరిగి, అప్పటికే తళతళలాడుతున్న గ్లాసుల్ని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. అక్క మొహం కొంగుతో తుడుచుకుని లేచి, చెల్లెలి సంచీ తనే భుజాన వేసుకుని ముందు నడిచింది. దారిపొడవునా మున్సిపాలిటీని, మంత్రుల్ని, రైల్వేవాళ్ళను వరసబెట్టి తిడుతూనే ఉంది.

తాత దుకాణం దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఒక పెద్దావిడ దిగుతోంది. తెల్లజుట్టు, చేతిలో కూరగాయల సంచీ, కాళ్ళకు మగవాళ్ళ రబ్బరు చెప్పులు. ఆవిడ మెట్టుమీదే ఆగి, చెల్లెలి పాదాల వంక వేలు చూపించింది.

"అవి నావే!"

చెల్లెలు గభాలున విప్పబోయింది.

"ఉండమ్మా, ఉండు. కాస్త నడిచి చూపించు." చెల్లెలు నడిచింది. టీచరమ్మ తప్పు లెక్కను చూసినట్టు చూసింది. "ఊహూఁ. ముందువైపు ఇంకా బిగుతుగానే ఉంది. ఒక్కరోజు నడకతో సర్దుకునేది కాదు."

"అయితే రేపు కూడా నడుస్తానండీ" అంది చెల్లెలు. "రేపటికీ సర్దుకోకపోతే ఆదివారం దాకా నేనే తొడుక్కుంటాను. మీ ఇల్లెక్కడో చెప్పండి, తెచ్చిస్తాను."

"ఇక్కడే. నాలుగడుగులు."

అక్క భుజం మీద నుంచి సంచీ జారి కింద పడింది.

"ఏమన్నావే? రేపా? నీ బండి ఈ సాయంత్రం కదా!"

"బండి వెళ్తుందక్కా. నేను వెళ్తానని ఎవరన్నారు?"

"మరి... టీకొట్లో చెప్పొద్దూ ఆ మాట!"

"చెప్పనిచ్చావా? నువ్వు తిట్టడం ఆపితే చెబుదామని చూస్తున్నాను, ఆపితే కదా! మా మేడ మెట్లమీద రోజూ ఎన్ని జతల చెప్పులు చూస్తానో. ఒక్కటి కూడా ఎవరిదో నాకు తెలీదు. ఇక్కడ నేనెవరో తెలీకపోయినా నా కాళ్ళు చూసి తలుపు తీశారు. అసెంబ్లీలో నా గొంతు నాకే తిరిగొచ్చింది. పొద్దుట్నుంచి సంతోషం పట్టలేక నవ్వుతున్నాను. అది వెటకారమా, మొద్దూ?"

చిన్నప్పుడు కూడా అక్కను "మొద్దూ" అనగలిగింది ఆమె ఒక్కతే. అక్కకు ఏడుపూ నవ్వూ కలిసి ముంచుకొచ్చాయి. టీచరమ్మ ముందే, తాత ముందే, వీధిలో చెల్లెల్ని గట్టిగా వాటేసుకుంది.

"ఇక ఊపిరాడనిస్తావా? రేడియో స్టేషనుకు వెళ్ళి నా నోటితోనే చెప్పాలి. ఎంత దూరం?" అంది చెల్లెలు.

అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చిన మాటను అక్క మింగేసింది.

"నాలుగడుగులు కాదే. కొండమీద ఉంది. చాలా దూరం."

"తెలుసు. రైల్లోంచి చూశాను" అంది చెల్లెలు. "పద. చెప్పులు బాగున్నాయి."