చర్చి మైకులో బాతు

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో, మూడో రోజు ఉదయం, చర్చి మైకులో బాతు అరిచింది. పాస్టరు గారు కళ్ళు మూసుకుని “ప్రభువా” అనడమేమిటి, స్పీకర్లలోంచి ఎవరో బాతుభాషలో బదులు చెప్పడమేమిటి! పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దలందరూ మైకు చూసుకునే మోషే వైపు గుడ్లురిమి చూశారు. మర్నాడూ అదే తంతు, ఆ మర్నాడూ అదే.

వారం తిరిగేసరికి ఈ సంగతి ఊరందరికీ తెలిసింది, జ్ఞానమ్మ టీచరు గారికి తప్ప. ఆవిడ ఇల్లు చర్చి గోడ పక్కనే. అయితే సరిగ్గా ఆ వేళకి ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కోనసీమ హామ్ రేడియో క్లబ్బు వాళ్ళ హాజరు తీసుకుంటూ ఉంటారు. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి ఊరికే కూర్చుంటారా? పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని ఇంట్లో వైర్‌లెస్ సెట్టు పెట్టుకున్నారు. క్లబ్బులో ఉన్నది పదకొండు మంది. రోజూ ఆరుంబావుకి ఒక్కొక్కరినీ పిలవడం, “ఉన్నానండీ” అనిపించుకోవడం, వానా ఎండా నాలుగు మాటలు చెప్పుకోవడం. చూసేవాళ్ళకి అదంతా పనిలేని పనే. కానీ మొన్నటి వరదల్లో సెల్‌ఫోన్లు మూగబోతే లంకల్లోంచి కబుర్లు మోసింది ఆ పనిలేనివాళ్ళే. ఆ హాజరు పిలవనిదే ఆవిడకి కాఫీ దిగదు.

రెండో శనివారం సాయంత్రం మోషే వచ్చి ఆవిడ అరుగు మీద కూలబడ్డాడు. ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నాడు.

“నన్ను తీసేత్తన్నారండీ టీచరు గారూ. అమలాపురం నుంచి వేరే మైకతన్ని తెత్తారంట. రేపు ఆరాధనయ్యేక శామ్యూల్ గారు అందరి ముందూ చెప్పేత్తారండీ.”

శామ్యూల్ గారంటే సంఘ పెద్ద. ఆయన మాటకి తిరుగులేదు.

“ఎందుకురా?”

“బాతండీ! మీకు తెలీదేటండీ? యాంప్లిఫయర్ మార్చేను, స్పీకర్లు మార్చేను, పోదండీ. ఆరుంబావుకి మొదలెట్టుద్ది, అరగంటలో ఆగిపోద్ది. కాసేపు అంటది, కాసేపు ఊరుకుంటది. అచ్చం ఎవరో హాజరు పిలిచినట్టేనండీ.”

జ్ఞానమ్మ గారి చూపు చర్చి గోడ వైపు పోయింది. పాత తీగ తీసేసి, చర్చి గోడ వెంబడి రెండు కొబ్బరిచెట్ల మధ్య కొత్త ఏరియల్ తీగ కట్టించింది శ్రమదినాల రెండో రోజు సాయంత్రమే. ఆ తీగ వెదజల్లే తన మాటే చర్చి మైకులో దూరి, నలిగి బాతు అరుపవుతోంది. ఆ బాతు మరెవరో కాదు, తనే.

అప్పటికప్పుడు మోషేకి చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. చెబితే శామ్యూల్ గారు తీగ పీకించేస్తారు. పెరట్లో అంత తీగకి మరో చోటు లేదు. హాజరు వేళ మార్చేసి గుట్టుగా ఊరుకుంటేనో? బాతు దానంతటదే మాయమవుతుంది. కొత్త మైకతను రాగానే బాతు పోయిందంటే, తప్పంతా మోషేదేనని ఊరు తీర్మానించేస్తుంది. అంత దొంగబుద్ధి తనకి పుట్టినందుకు ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం ఆరాధన ముగిసింది. శామ్యూల్ గారు లేచి గొంతు సవరించుకునేలోగా జ్ఞానమ్మ గారు లేచి నిలబడ్డారు.

“ఆ బాతు నేనేనండీ.”

చర్చంతా గొల్లున నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. రేడియో సంగతీ తీగ సంగతీ పూసగుచ్చినట్టు చెప్పి, మోషే వైపు తిరిగి క్షమించమన్నారు. ఎందరిచేతనో గోడకుర్చీ వేయించిన టీచరు గారికి, అలా నిలబడ్డం కంటే గోడకుర్చీయే నయమనిపించింది.

“ప్రార్థనకి అడ్డొచ్చేది ఎవరిదైనా ఒకటేనండీ టీచరు గారూ,” అన్నారు శామ్యూల్ గారు. “ఆ తీగ తీయించెయ్యండి.”

“ఆయ్, అలాగేనండీ,” అన్నారావిడ.

అప్పుడు లేచాడు మోషే. “ఆగండి శామ్యూల్ గారూ. ఆరిది తీగయితే మనది వైరండీ. మన మైకు వైరు మంచిదైతే టీచరు గారి గొంతు అందులో దూరుద్దేటండీ? తొమ్మిది రోజులు నన్ను తిట్టేరు కదా, మూడ్రోజులు టైమివ్వండి. తగ్గకపోతే ఆ తీగ నేనే కోసేత్తాను. నేనూ మానేత్తాను.”

జ్ఞానమ్మ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తడి కళ్ళజోడుకి కాదు.

సోమవారం ముమ్మిడివరం నుంచి లోవరాజు ఆటోలో దిగాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది, క్లబ్బులో పెద్ద నోరూ అతనిదే. రేడియో తరంగాలు వైర్లోకి దూరకుండా అడ్డుకునే నల్లటి ఫెర్రైట్ రింగులు సంచీనిండా తెచ్చాడు. మైకు వైరు విప్పి చూస్తే వైరుకి కవచంలా ఉండాల్సిన లోపలి రాగి జాలీ ఉప్పుగాలికి పచ్చబడి తెగిపోయి ఉంది. టీచరు గారు పక్కన కూర్చుని చెబుతుంటే మోషే కొత్త వైరు వేశాడు, దాన్ని రింగులకి చుట్లు చుట్టాడు.

బుధవారం ఉదయం పరీక్ష. ఇంట్లో ఆవిడ హాజరు పిలవాలి, చర్చిలో జనం మైకు వినాలి. బాతు రాకపోతే మోషే గంట కొడతాడు. ఏమీ వినపడకూడదని నలభై మంది పనిగట్టుకుని చెవులు రిక్కించి కూర్చోవడం ఆ చర్చి పుట్టాక అదే మొదలు.

ఆవిడ ఒక చెవికే హెడ్‌ఫోను పెట్టుకుని, రెండో చెవిని కిటికీకి అప్పగించారు. పదకొండు మందినీ పిలిచారు. గంట మోగలేదు. మళ్ళీ మొదటినుంచీ పిలిచారు. అయినా మోగలేదు.

“లోవరాజు గారూ, ఇదే మన ఆఖరి హాజరేమోనండీ...”

ఆ మాట పూర్తికాకుండానే గంట మోగింది. ఒకసారి విన్నది చాలదని శామ్యూల్ గారే రెండోసారీ విని తేల్చుకుందామన్నారని ఆవిడకి తరవాత తెలిసింది. అప్పటికి మాత్రం తెలిసింది గంటొక్కటే. మోషే ఆపకుండా కొడుతున్నాడు. గంట వింటూ ఆవిడ, మాట్లాడ్డానికి నొక్కిపట్టిన మీట వదిలేశారు.

వెంటనే హెడ్‌ఫోనులో లోవరాజు కేకపెట్టాడు. “టీచరు గారండీ! మీ గంట ఇక్కడికి వినపడిందండీ, ముమ్మిడివరానికి!”

“రాజోలుక్కూడా వచ్చిందండోయ్,” అంది ఇంకో గొంతు. “కొత్తపేటకీ వచ్చిందండీ!” అంది మరో గొంతు.

ఆవిడ మీట మళ్ళీ నొక్కి, మైకు పట్టుకున్న చెయ్యి కిటికీ ఊచల్లోంచి బయటికి చాచారు.