నాకు పడిన వన్స్ మోర్

నేను ఒక కాళ్ళ హార్మోనియాన్ని. నా మీద కాఫీ గ్లాసు పెట్టవచ్చా, పెట్టకూడదా అని కాకినాడలో ఒక ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా తగువు నడుస్తోంది. ఆ శుక్రవారం పొద్దున్న కూడా నడిచింది.

"ఏవండీ, అది బల్ల కాదు," అంది రాజ్యం, గ్లాసు తీసి కొంగుతో నా నెత్తి తుడుస్తూ.

"బల్లయితే నయమే. గమకం పలకమని దాన్నెవరూ అడగరు," అన్నాడు ఆమె భర్త ఫణిభూషణరావు.

ఆయన కచేరీ మనిషి. గానసభలో మూడో వరస, నడవ పక్క కుర్చీ ఆయనదని ఊరందరికీ తెలుసు. మృదంగం వంతు రాగానే కాఫీకి లేచిపోయే జనాన్ని చూపులతోనే కాల్చేస్తాడు. ఆయన దృష్టిలో, స్వరాన్ని ఊపి గమకం పలికించలేని హార్మోనియం సంగీతం కాదు, నాటకాల వాళ్ళ సామాను.

సామానునే, ఒప్పుకుంటాను. రాజమండ్రిలో ఒక వడ్రంగి టేకుతో నా ఒళ్ళు చేశాడు. నా ఇత్తడి రీడ్లు గుజరాతు నుంచి రైల్లో వచ్చాయి. మొదట నన్ను కొన్న నాటకాల కాంట్రాక్టరుకు సరిగమలు రావు. అయినా ప్రతి ఆటకు ముందు ఒక మెట్టు నొక్కి, "శ్రుతి బాగుంది" అని తల పంకించేవాడు. ఆయన తర్వాత రాజ్యం తండ్రి చేతికి వచ్చాను. రాజులు, ఋషులు, రాక్షసులు ముప్ఫై ఏళ్ళపాటు నా శ్రుతిలోనే కోపాలు తెచ్చుకున్నారు. ఆ తండ్రి కూతురికి విద్య నేర్పాడు. ఆమె కాపురానికి వస్తుంటే నేనూ వెంట వచ్చేశాను.

ఇక్కడ రాజ్యం మధ్యాహ్నాలే వాయించేది, అత్తగారు కునుకు తీసే వేళ, తలుపు దగ్గరకు వేసుకుని. నలుగురి ముందు ఒక్కసారైనా వాయించాలని ఆమెకు ఎంత ఉందో నాకు తెలుసు. పెడళ్ళు తొక్కే పాదాలు నా దగ్గర ఏదీ దాచలేవు.

గ్లాసు తగువు తీరకముందే గుమ్మంలో గుర్నాథం ప్రత్యక్షమయ్యాడు. ఊళ్ళో పద్యనాటక సమాజంలో రాజు వేషం ఆయనదే.

"అమ్మా, మా హార్మోనిస్టు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. రేపు సాయంత్రమే నాటకం. మీ నాన్నగారి చెయ్యి మీకొచ్చిందని విన్నాను. మీరే దిక్కు!"

రాజ్యం అత్తగారి వైపు చూసింది. వరహాలమ్మగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. "నా వంక చూస్తావేంటే? వాయించేది నేనా?" అన్నారు.

"వాయించుకో. నన్ను మాత్రం రమ్మనకు," అన్నాడు ఫణిభూషణరావు.

కానీ నన్ను ఆటో ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి. అలా వచ్చాడు. వచ్చి, తెలిసినవాళ్ళ కంటబడకుండా చివరి వరసలో కూర్చున్నాడు.

శనివారం ఆరింటికి తెర లేచింది. మొదటి పద్యానికి రాజ్యం వేలు ఒక మెట్టు తప్పింది. గుర్నాథం కిరీటం కింద నుంచి ఓరగా చూశాడు. నేను తిత్తినిండా గాలి బిగబట్టాను.

రెండోది బిళహరి. రాజుగారు రాగం తీసి, తీసి, ఊపిరి చాలక ఆగారు. ఆ ఖాళీలోకి రాజ్యం దూకింది! ఆయన నడిచిన దారినే నడిచి, ఆయనకు అందని పైస్థాయిలో ఒక గంతు వేసి, గిర్రున తిరిగి వచ్చి షడ్జం మీద వాలింది. నా రీడ్లకు చక్కిలిగింతలు పెట్టినట్టయింది.

"వన్స్ మోర్!" చివరి వరసలోంచి కేక.

మా నాటకాల్లో ఆ కేక పద్యం పాడినవాడి సొత్తు. గుర్నాథం ఛాతీ పొంగించి పద్యం మళ్ళీ ఎత్తుకున్నాడు.

"మీకు కాదండీ! హార్మోనియానికి!"

లేచి నిలబడి అరుస్తున్నది ఫణిభూషణరావు! హాలంతా వెనక్కి తిరిగింది. గానసభ మనిషి పద్యనాటకంలో కేకలేమిటి? ఆయనకే తెలియదు. చెవులు ఎర్రబడ్డాయి గాని కూర్చోలేదు. ఈలలు, చప్పట్లు, "వాయించమ్మా!" అన్న గోల. గుర్నాథం ఒక్క క్షణం చిన్నబోయాడు. ఆ తర్వాత చెలికత్తె చేతిలోంచి వింజామర లాక్కుని, రాజ్యం పక్కకు వచ్చి విసరడం మొదలుపెట్టాడు.

రాజ్యం వాయించింది. బిళహరి, దాని మీద మోహన, దాని మీద కల్యాణి. ఆమె పాదాలు నా పెడళ్ళ మీద నాట్యమే చేశాయి. నాటకంలో జరగాల్సిన యుద్ధం పావుగంట ఆలస్యమైంది. అరవై ఏళ్ళలో నాకు పడిన మొదటి వన్స్ మోర్ అది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకు కూర్చున్నారు. హాల్లో ఉన్న నాకు అన్నీ వినపడుతూనే ఉన్నాయి.

"కల్యాణి ఇంకాస్త నిదానించాల్సింది," అన్నాడు ఫణిభూషణరావు.

"వచ్చేవారం నిదానిస్తాను," అంది రాజ్యం, చారు వడ్డిస్తూ. "వాళ్ళ హార్మోనిస్టు ఇక మానేస్తాడట. నన్ను ఉండిపొమ్మన్నారు. ఉంటానని చెప్పేశాను. ఇకనుంచి శనివారం సాయంత్రాలు నేను నాటకానికి. వంట మీ ఇద్దరిదీ."



"అయితే నాకు ముందు వరసలో కుర్చీ వేయించు," అన్నారు వరహాలమ్మగారు. "వీడి పక్కన మాత్రం వద్దు. అరుస్తాడు."