కోచమ్మ గొంతుతో ఒక్క మాట

ఫ్యాన్ల మావయ్యకి నోరు ఊరుకోదు. కాలిపోయిన ఫ్యాన్ మోటార్లకి తీగ చుట్టడం ఆయన పని. చుట్టినంతసేపూ ఎవరో ఒకళ్ల గొంతుతో మాట్లాడటం సరదా. ఇంటి ఓనరు సణుగుడు, బావగారి దగ్గు, పక్కింటి కుక్క, ఏదైనా సరే అచ్చు దించేస్తాడు. మేనకోడల్ని రోజూ జిమ్నాస్టిక్స్ ప్రాక్టీసుకి దింపేది ఆయనే కాబట్టి కోచమ్మ గొంతూ ఎప్పుడో పట్టేశాడు. "మోకాలు" అని ఆవిడ ఒక్క కేక వేస్తే చాలు, హాల్లో పిల్లలందరి కాళ్లూ కర్రల్లా బిగుసుకుంటాయి.

ఆవేళ జట్టు ఎంపిక. మిగిలింది ఒక్క చోటు. దానికి పోటీ ఇద్దరే: మేనకోడలు పిడుగు, దాని స్నేహితురాలు కొంగ. సన్నగా పొడుగ్గా ఉంటుందని మావయ్యే పెట్టాడు ఆ పేరు. ఇద్దరూ కోచమ్మ శిష్యులే. ఇక బీమ్ ఒక్కటే మిగిలింది. అరచెయ్యంత వెడల్పు దూలం మీద గంతులన్నమాట.

గ్యాలరీలో మావయ్య కొంగ వాళ్లమ్మ పక్కన కూలబడ్డాడు.

"ఏంటి చెల్లెమ్మా ఈ మార్కుల గోల? మా బళ్లో సున్నా నుంచి పైకెక్కాలి. నేనైతే అక్కడే ఆగిపోయేవాణ్ణి."

ఆవిడ నవ్వింది. "ఇక్కడ రెండు లెక్కలన్నయ్యా. కష్టమైనవి చేసే కొద్దీ మార్కులు పెరుగుతాయి, అదొకటి. రెండోది పదితో మొదలుపెట్టి తప్పు చేసినప్పుడల్లా కోసుకుంటూ వస్తారు. మోకాలు వంగితే కాస్త, దిగేటప్పుడు అడుగు తడబడితే కాస్త. కింద పడితే మాత్రం ఏకంగా ఒక మార్కు."

"మా ఆవిడ లెక్కే ఇది. పెళ్లిరోజు పదికి పదిచ్చింది, అప్పట్నించీ కోస్తూనే ఉంది."

"ఊరుకో అన్నయ్యా. ఇంకో సంగతి, పిల్ల బీమ్ మీదుండగా కోచ్ నోరు మెదపకూడదు. మెదిపితే అర మార్కు పోతుంది."

"పాపం కోచమ్మ, నోరు కుట్టేశారే."

ముందు పిడుగు చేసింది. ఓసారి ఊగింది గానీ నిలబడింది. తర్వాత కొంగ ఎక్కింది. హాలంతా గప్‌చుప్. పిల్ల ఒంటికాలి మీద నిలబడి రెండోకాలు మెల్లగా పైకెత్తుతోంది. పక్కనే కోచమ్మ పెదాలు బిగించుకుని నిలబడింది. ఆ పెదాలు చూసేసరికి మావయ్యకి నాలిక దురదపెట్టింది. కొంగ వాళ్లమ్మని నవ్విద్దామని ఆవిడ వైపు వంగి, కోచమ్మ గొంతుతో అన్నాడు.

"మోకాలు."

మెల్లగానే అందామనుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో అది హాలంతా పాకింది. కొంగ కాలు ఠక్కున బిగుసుకుంది, భుజం ఒరిగింది, పిల్ల పరుపు మీద దబ్బున పడింది.

మళ్లీ ఎక్కి మిగిలింది చేసింది. పిల్ల పడినందుకు ఒక మార్కూ, కోచ్ మాట్లాడినందుకు అరా కోసింది పెద్ద జడ్జీ.

"నేను నోరే తెరవలేదండీ" అంది కోచమ్మ.

"మీ గొంతు మేమందరం విన్నాం."

మావయ్య పక్కకి చూశాడు. కొంగ వాళ్లమ్మ లేచింది. బ్యాగు తీసుకుని అవతల వరసలోకి వెళ్లిపోయింది. అంత సందడి మనిషి, కాళ్లు ఈడ్చుకుంటూ జడ్జీల బల్ల దగ్గరికి వెళ్లాడు.

"అన్నది నేనండి. ఆవిడ కాదు."

కోచ్‌ని వెనకేసుకొస్తున్నాడనుకుంది జడ్జీ. "ఏదీ, అనండి."

ఇంకోసారి చెయ్యమంటే ఎగిరి గంతేసే మనిషి, ఈసారి తల దించుకున్నాడు. ఎలాగో "మోకాలు" అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. గోడవారగా కూర్చున్న ఓ బుల్లిపిల్ల మాత్రం గబుక్కున కాళ్లు చాపేసింది.

అర మార్కు వెనక్కి ఇచ్చారు.

"మరి పడిపోయిన మార్కండీ?"

"పడింది పడినట్టే. గ్యాలరీలో ఎవరో అరిచారని మళ్లీ చేయించం."

"పోనీ నాకు కొయ్యండి."

"మీకు మార్కులెక్కడివండీ?" అంది జడ్జీ. ఎగతాళిగా కాదు, మామూలుగానే.

పిడుగు గెలిచింది. ఆ ఒక్క మార్కు పోకపోతే కొంగదే చోటు. పిడుగు బూట్లు చేత్తో పట్టుకుని వచ్చింది.

"గెలిచానని అమ్మకి నువ్వు చెప్పకు మావయ్యా. ఎలా గెలిచానో కూడా నేనే చెప్తా."

"చెప్పమ్మా" అన్నాడు, దాని మొహం చూడకుండా.

గుమ్మం దగ్గర కొంగ ఎదురొచ్చింది. ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. తిడుతుందనుకుని మావయ్య ఆగిపోయాడు.

"మావయ్యా, నిజంగా నా మోకాలు వంగిందా?"

మావయ్య తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. నేను మోకాలు చూడనే లేదు. ఊరికే అన్నాను."

"వంగలేదు కదా" అని ఆ పిల్ల వెనక్కి తిరిగి, "అమ్మా, వంగలేదంట" అని సంబరంగా చెప్పింది. వాళ్లమ్మ మావయ్య వైపు చూడకుండా కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. వాళ్లు రోడ్డు దాటేదాకా ఆయన బయటికి అడుగుపెట్టలేదు.