కొబ్బరినీళ్లు తాగిన కంప్యూటరు పెట్టె

నేను ఒక కంప్యూటరు పెట్టెను. తెర కాదు, మీటలూ కాదు. బల్ల కింద దుమ్ము తింటూ కూర్చునే నల్లటి ఇనుప డబ్బాను. జనం నన్ను సీపీయూ అంటారు. అసలు సీపీయూ నా లోపల బిస్కెట్టంత ఉంటుంది పాపం, దాని ముఖం ఎవరూ చూడరు. ఆ పొరపాటును నేనేనాడూ దిద్దలేదు. ఊరికే వచ్చిన పెద్దరికాన్ని వద్దనడానికి నాకేం పట్టింది?

హైదరాబాదులోని ఒక ఇంజనీర్ల ఆఫీసులో ఎనిమిదిమంది అన్నదమ్ములం ఒకేసారి దిగాం. వర్క్‌స్టేషన్లమని మాకు కాస్త గీర. మామూలు కంప్యూటర్లు ఉత్తరాలు టైపు చేస్తుంటే మేం వంతెనలు గీశాం. నాలుగేళ్లకే ‘స్లో అయిపోయాయి’ అన్నారు. పదకొండింటికి వచ్చి పావుతక్కువ పన్నెండుకు టీకి లేచే మనుషులు ఆ మాట అన్నారు! పాత ఇనుముతో పాటు లారీ ఎక్కించేశారు.

చీరాల బస్టాండు వెనక రిపేరు షాపు కరీముల్లా మమ్మల్ని దింపుకున్నాడు. చచ్చిన మూడు కంప్యూటర్లను కలిపి బతికిన ఒకదాన్ని లేపడం అతని విద్య. ఒకడి బోర్డు, ఇంకొకడి పవర్ సప్లై, వేరొకడి ఫ్యాను నాలో బిగించి హైమావతి డీటీపీ సెంటరుకు పంపాడు. పదకొండేళ్లలో ర్యామ్ రెండుసార్లు పెంచాడు, ఫ్యాన్లు మూడు మార్చాడు. లోపలి సామాను సగం నాది కాదు. అయినా హైమావతి వచ్చినవాళ్లందరితో, “పదకొండేళ్ల నించి ఇదే సిస్టమండీ, రాయిలాగుంది” అనేది. నేను మురిసిపోయేవాణ్ణి.

ఆమె నన్ను వదలకపోవడానికి ప్రేమొక్కటే కారణం కాదు. ఆమె తెలుగు టైపు చేసే పాత సాఫ్ట్‌వేరుకు బొటనవేలంత ప్లాస్టిక్ తాళం ఉంది. నా వీపున ఉన్న పాతకాలపు ప్రింటరు సాకెట్టులో దాన్ని గుచ్చితే తప్ప ఫైలు తెరుచుకోదు. కొత్త కంప్యూటర్లకు ఆ గులాబీరంగు సాకెట్టే లేదు. అందుకే నా ఉద్యోగం పదిలం.

ఆ ధైర్యంతోనే వీరభద్రయ్య మాస్టారు తన ఆరేళ్ల కష్టాన్ని నాలో పెట్టారు. చేనేతవాళ్ల మాటలన్నీ పోగుచేసి ఆయన రాస్తున్న నిఘంటువు అది. నాడె, ఆసు, కండె మొదలుకొని నాలుగు వేల మాటలు. వాటిని చెప్పిన పన్నెండుమంది ముసలి నేతగాళ్లలో తొమ్మిదిమంది పోయారు. మాస్టారు మాత్రం టైపయిన చేతిరాత కాగితాలను ఎప్పటికప్పుడు బజ్జీల బండికి ఇచ్చేసేవారు. “కంప్యూటర్లోకి ఎక్కాక ఇంకెందుకమ్మా, చెదలకా?” అనేవారు. హైమావతి ప్రతి శనివారమూ ఇంకో కాపీ తీసిపెడతాననేది. మనుషుల శనివారాలు ఎక్కడికి పోతాయో నాకు ఇప్పటికీ తెలీదు.

దసరా వచ్చింది. ఏటా ఆయుధపూజకు హైమావతి నాకు బొట్టుపెట్టి, బంతిపూల దండ వేసేది. ఈసారి పుస్తకం పూర్తయిన సంబరంలో మాస్టారే కొబ్బరికాయ తెచ్చారు. ఫట్టున కొట్టి, భక్తి పొంగి, చిప్పలోని నీళ్లు నా నెత్తిన చల్లారు. నా నెత్తినిండా గాలి కోసం చిల్లులుంటాయని ఆయనకేం తెలుసు? లోపల చిటపటమంది. కమురు వాసన వచ్చింది. నేను ఆగిపోయాను.

“నా చేత్తోనే చంపుకున్నానా అమ్మా?” అంటూ మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన చేతిలో చిప్ప అలాగే ఉంది. అంత భయపడిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణంలో నాకు కోపం రాలేదు, జాలేసింది.

కరీముల్లా నన్ను షాపుకు మోసుకెళ్లి విప్పాడు. “డిస్కు బాగానే ఉందక్కా. బోర్డు మాత్రం పోయింది. ఆ తాళం పట్టే బోర్డు ఇంకోటి దొరికితేనే మాస్టారి పుస్తకం కళ్లజూసేది” అన్నాడు. ఒంగోలు, గుంటూరు, తెలిసిన షాపులన్నిటికీ ఫోన్లు చేశాడు. రెండు రోజులు గడిచాయి. ఈలోగా కొబ్బరినీళ్ల తీపికి చీమలు బారులుతీరి నాలో కాపురం పెట్టాయి. వంతెనలు గీసిన ఒంట్లో చీమల పుట్ట!

మూడో రోజు హైమావతి ఏడుపు ముఖంతో షాపుకొచ్చింది. కరీముల్లా తను కూర్చున్న పీట దులిపి, “కూర్చో అక్కా” అని ముందుకు జరిపాడు. పీటంటే పీట కాదు, గోనెసంచి కప్పిన ఇనుప డబ్బా. హైమావతి కూర్చోబోయి, సంచి తొలగిన చోట చూసి, “తమ్ముడూ, ఈ గులాబీరంగుదేంది?” అంది.

కరీముల్లా సంచి లాగేశాడు. అచ్చం నా పోలికే! నా తోడబుట్టినవాడు! ఊళ్లన్నీ వెతికిన మనిషి పదకొండేళ్లుగా దానిమీదే కూర్చుని టీ తాగుతున్నాడు. “అల్లా! నా బుద్ధి బండబారిపోయింది” అని నెత్తి కొట్టుకున్నాడు.

లోపల చూస్తే పొడిగా, బోర్డుతో సహా అన్నీ ఉన్నాయి. నా డిస్కు తీసి వాడికి బిగించాడు. స్విచ్చి నొక్కితే వాడు మూడుసార్లు బీప్‌మని అరిచాడు. కరీముల్లా ర్యామ్ ఊడబెరికి, పెన్సిల్ రబ్బరుతో దాని ఇత్తడి పళ్లు రుద్ది మళ్లీ గుచ్చాడు. ఈసారి ఒకే బీప్. తాళం పెట్టారు. తెరమీద మొదటి మాట కనిపించగానే హైమావతి ఏడ్చేసింది. కరీముల్లా పెన్‌డ్రైవ్ ఆమె చేతిలో పెట్టాడు. ఆ రోజు శనివారం కాదు, అయినా కాపీ పడింది.

నా తోడబుట్టినవాడు నా బదులు డీటీపీ సెంటరుకు వెళ్లాడు. హైమావతి ఇప్పటికీ “పదకొండేళ్ల నించి ఇదే సిస్టమండీ” అనే అంటోందట. చీమలు పట్టిన నన్ను కరీముల్లా దులిపి, గోనెసంచి కప్పి, పీట చేశాడు. మొదట్లో మనసు చివుక్కుమంది. తర్వాత అలవాటైంది.

మొన్న మాస్టారు అచ్చయిన పుస్తకం తెచ్చి కరీముల్లాకు ఇచ్చారు. “కూర్చోండి మాస్టారూ” అంటే నామీదే కూర్చున్నారు. కృతజ్ఞతల పేజీ తీసి పైకి చదివారు. నేతగాళ్ల పేర్లు, హైమావతి పేరు, కరీముల్లా పేరు. చివర్న ఒక్క వాక్యం: “నా కొబ్బరికాయకు బలైపోయిన ఆ పాత కంప్యూటరు నన్ను మన్నించుగాక.”

మన్నించాను మాస్టారూ. కానీ నెత్తిన కూర్చుని క్షమాపణ అడిగిన మనిషిని మిమ్మల్నే చూశాను.