కరకట్టలో అత్తగారు

ఊరు పొడవునా కొత్త కరకట్ట వచ్చింది, ఒక్క ఫిడెలినా దగ్గర తప్ప.

ఫిడెలినా డెల్మిరాకి అత్తగారు. పోయి నాలుగేళ్లయింది. వరుసగా రెండు తుపానులొచ్చి ఉలువా నది ఊళ్లను ముంచేసిన ఏడు, జనమంతా ఈ కట్ట మీదే ప్లాస్టిక్ పట్టాల కింద తలదాచుకున్నారు. అత్తాకోడళ్లిద్దరూ మొగుళ్లు పోయినవాళ్లే. ఇద్దరికీ కలిపి దక్కింది ఒక్క మడత మంచం. ఒక రాత్రి ఒకరు, మర్నాడు ఇంకొకరు పడుకునేవారు. ముసలావిడకి జ్వరం ముదిరిన రాత్రి మంచం వంతు డెల్మిరాది. అయినా డెల్మిరా మంచం వదల్లేదు. తెల్లారేసరికి ఆవిడ తడినేల మీద కొన ఊపిరితో ఉంది.

"నన్ను మాత్రం నీళ్లపాలు చెయ్యకే," అని మాట తీసుకుని మరీ పోయింది.

శ్మశానం అప్పటికే మునిగి ఉంది. బీరువా చెక్కలతో పెట్టె కొట్టి, ఆవిడను కట్ట నడినెత్తినే పూడ్చారు. ఊరికి మిగిలిన పొడినేల అదొక్కటే మరి.

ఈ ఏడు ఎండలప్పుడు యంత్రాలు దిగాయి. ఇసుకా, బొరియలూ తప్ప ఏమీ మిగలని పాత కట్టను చెక్కేసి, బంకమట్టిని పొరలు పొరలుగా వేసి రోలరుతో తొక్కించుకుంటూ వచ్చారు. సమాధి దగ్గరికి వచ్చేసరికి డెల్మిరా మచ్చుకత్తి ఒళ్లో పెట్టుకుని శిలువ ముందు బైఠాయించింది. శ్మశానం ఏటా మునుగుతుంది, అక్కడికి పంపనంది. ఎవరెంత చెప్పినా వినలేదు. చివరికి అటూ ఇటూ కొత్త కట్ట, మధ్యలో బండి పట్టేంత మేర పాతమట్టి మిగిలాయి. బతికుండగా ఒక్క పూట పడని ఆ ఇద్దరి మధ్య ఇప్పుడీ ప్రేమేమిటని ఊరు ముక్కున వేలేసుకుంది. ప్రేమా, పాడా! ఆ మంచం డెల్మిరాను ఒక్క రాత్రి కూడా నిద్రపోనివ్వలేదు.

నవంబరులో కొండల మీద వాన పట్టుకుంది. ఎగువ ఊళ్లో నది వంతెనను తాకిందని, సాయంత్రానికి ఇక్కడికి వస్తుందని పొద్దున్నే ఫోనొచ్చింది. ఊరిపెద్ద లిసాండ్రో నీటి అంచున ఒక కర్ర పాతి, కాఫీ తాగి వచ్చాడు. వచ్చేసరికి కర్ర లేదు.

పొక్లెయిన్ నడిపే నెప్తాలి సమాధి పక్కన ఇనుప చువ్వ దింపాడు. మూరెడు లోతు దాకా మొరాయిస్తూ దిగి, ఒక్కసారిగా జారిపోయింది. అతను ముందుకు తూలిపడ్డాడు.

"అక్కా, లోపలంతా డొల్ల. పెట్టె పుచ్చిపోయింది. నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయంటే మీ అత్తగారు కట్టనీ మననీ వెంటేసుకుని సముద్రానికి పోద్ది."

"నోరు ముయ్యరా."

"నేను మూస్తాలే. నదిని కూడా ముయ్యమను, చూద్దాం."

లిసాండ్రో టోపీ తీసి నీళ్లు దులిపాడు. "డెల్మిరా, నిన్ను బతిమాలే టైము లేదమ్మా. తవ్వమంటావా, పిల్లల్ని ట్రక్కెక్కించమంటావా? ఏదో ఒకటి చెప్పు."

డెల్మిరా కట్ట దిగువకు చూసింది. కట్ట ఉందన్న ధీమాతో ఎవరో పొయ్యి రాజేసి తోర్తియా రొట్టెలు కాలుస్తున్నారు.

"చచ్చి సాధిస్తున్నావు కదా అత్తా!" అంటూ శిలువను రెండు చేతులా పీకింది. "ఒరే నెప్తాలీ, పైమట్టి ఒక్కటే తియ్యి. నీ బకెట్టు ఆవిణ్ణి తాకిందా, చెయ్యి నరుకుతా."

పైమట్టి తీశాక తనే గోతిలోకి దిగింది. చెక్కలు చేతిలో పిండిపిండి అయ్యాయి. పుర్రె దొరికింది. కోడల్ని దెప్పినప్పుడల్లా మెరిసే ఆ బంగారు పన్ను అలాగే ఉంది. డెల్మిరా ఏడుస్తూనే ఎముకలన్నీ ఇంటి నుంచి తెప్పించిన, పండగకు వేసే తన మంచి బల్లగుడ్డలో మూట కట్టింది.

"అక్కా, పైకి రా! తడొస్తోంది!"

నిజమే, నది వైపు గోడ చెమర్చింది. పైకి లాగారు. నెప్తాలి బంకమట్టి పోశాడు, జనం పొరపొరకీ దిమ్మిసలతో కొట్టారు. ఒక్కసారిగా పోసేస్తే లాభం లేదు, కుదురుకోదు. వాళ్లు ఒక పొర వేస్తే నది ఒక జానెడు పెరిగేది. చర్చిలో పెట్టు మూటను, అన్నారు ఆడవాళ్లు. చర్చి పల్లంలో ఉందని డెల్మిరా తల అడ్డంగా ఊపి, వానలో ఇంటికి నడిచింది.

వరద తర్వాత స్తంభాల మీద ఎత్తుగా కట్టుకున్న ఇల్లది. మెట్లెక్కి మడత మంచం వాల్చింది. అదే మంచం. దుప్పటి పరిచి, దిండు సర్ది, మూటను దాని మీద పడుకోబెట్టింది.

చీకటి పడుతుండగా కట్ట మీంచి నెప్తాలి కేక వినిపించింది. "ఆగింది! కట్ట అంచుకి జానెడు కిందే ఆగిపోయింది!"

డెల్మిరా తడిబట్టలతోనే కింద నేల మీద ఒరిగింది.

"ఇవాళ వంతు నీదే అత్తా," అంది. "రేపు కూడా నీదే."