ముంగో ఎలియట్ ఉరిపాట

నాకు నోరెక్కువని హేల్‌బ్రిడ్జ్‌లో అందరూ అంటారు. అననీ. మొగుడు పోయాక అచ్చాఫీసు నడుపుకొనే ఆడదానికి ఆ నోరు కూడా లేకపోతే ఊళ్ళో బతకనిస్తారా? అయినా గ్రిజెల్ ఎలియట్ నోరు చెడ్డది అన్నవాళ్ళే నా కాగితాలు ఎగబడి కొంటారు.

మా ఊరు ఇంగ్లండులోదే గాని, ఎస్క్ నది రేవు దాటితే స్కాట్లండు. పోయిన చలికాలంలో రాకుమారుడి సైన్యం వచ్చి ఊరు పట్టుకుంది. మా తాతల కాలంలో గద్దె దింపేసిన స్టూవర్టు వంశాన్ని మళ్ళీ గద్దె ఎక్కిస్తామని వాళ్ళ పంతం. "మా రాజే అసలు రాజు" అన్న ప్రకటన నా చేతే అచ్చు వేయించారు. క్రిస్మస్ నాటికి వాళ్ళు తోకముడిచారు. వెనకే లండన్ రాజుగారి దండు దిగింది. "రాకుమారుడు పిరికిపంద" అన్న పాట కూడా నా చేతే వేయించారు. అదే యంత్రం, అదే సిరా. నాకు ఏ రాజైనా ఒకటే, కాగితం ఖరీదు తగ్గించని రాజులు ఎవరైతేనేం?

మా తమ్ముడు ముంగోకి మాత్రం ఒకటి కాదు. వాడు రాకుమారుడి జెండా పట్టుకుని వెళ్ళాడు. వద్దురా అని గుమ్మానికి అడ్డం పడుకున్నాను. నన్ను దాటుకుని వెళ్ళాడు వెధవ. వసంతంలో కలోడెన్ దగ్గర యుద్ధంలో వాళ్ళంతా మట్టి కరిచాక, వాణ్ణి గొలుసులేసి మా ఊరి జైలుకే తెచ్చారు. ఆకులు రాలే వేళకి ఉరి అన్నారు.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. ఉరి తీసేటప్పుడు ఆ మనిషి ఆఖరి మాటల్ని పాటగా కట్టి ఉరికొయ్య కిందే అమ్ముతాం. దాన్ని ఉరిపాట అంటాం. జనం ఇళ్ళకు పోకముందే అమ్మాలంటే ముందురోజే అచ్చు వేసుకోవాలి. అందుకని మనిషి ఇంకా జైల్లో గంజి తాగుతుండగానే, "ఈ ఉదయం ఉరికొయ్య ఎక్కి, ఈ మాటలు పలికి ప్రాణం విడిచాడు" అని మేం వేసేస్తాం. ఊరందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ కొంటారు, చదివి ఏడుస్తారు. కాగితం పైన బొమ్మ కూడా ఉంటుంది. మా మామగారి కాలంలో గొర్రెల దొంగ ఒకడి కోసం చెక్కించిన అచ్చుదిమ్మ అది. పెద్ద టోపీ, బారెడు గడ్డం, గద్దముక్కు. ఎవర్ని ఉరితీసినా అదే బొమ్మ. ఒకసారి దొంగనోట్ల కేసులో ఒక ముసలమ్మను ఉరితీసినప్పుడు కూడా అదే వేశాం.

ముంగో ఉరిపాట నేనే వేస్తానన్నాను. ఛీ, సొంత తమ్ముడిది వేస్తావా అని మొహం మీదే ఉమ్మినంత పని చేశారు కొందరు. వాళ్ళకేం తెలుసు? ఆఖరి మాటలు రాసుకోవడానికి అచ్చువాళ్ళను జైల్లోకి రానిస్తారు. అక్కచెల్లెళ్ళను రానివ్వరు.

తొలి అచ్చు పట్టుకుని వెళ్ళాను. వాడు గడ్డి మీద కూర్చుని ఉన్నాడు, గడ్డం మాసిపోయి, కళ్ళు లోపలికి పోయి. నన్ను చూసి నవ్వాడు. కాగితం తీసుకుని వెలుగు వచ్చే వైపు తిరిగి, తన చావు తానే పైకి చదివాడు.

ముంగో ఎలియట్ మాట వినండి, ముద్దుల తల్లుల్లారా,
రాజు కొడుకుని నమ్మి చెడ్డాను, నాలా చెడిపోకండి.
వాడి వంశం మట్టిలో కలవ, వాడి జెండా చిరిగిపోను,
అక్కను తలచి ఏడుస్తూ నేను ఉరికొయ్య ఎక్కుతున్నాను.

"ఏంటే ఇది?" అన్నాడు.

"నీ ఆఖరి మాటలు."

"నేను ఇంకా అనలేదుగా."

"అనేదాకా ఆగితే నాకు వ్యాపారం ఏం సాగుతుందిరా?"

"అక్కా, నీ పాట ఏడిసినట్టుంది. ఇంకోళ్ళ చావుకి బాగానే రాస్తావ్, నా చావుకొచ్చేసరికి నీకు మాటలు దొరకలేదా? ఈ తిట్టు ఎవడు పెట్టమన్నాడు?"

గుమ్మం దగ్గర కాపలావాడు ఉన్నాడు. నేను వంగి గొంతు తగ్గించాను. "పాదిరీగారు చెప్పారు. పదిమందిలో రాకుమారుణ్ణి తిడితే, ఆఖరి నిమిషంలోనైనా ఉరి రద్దు చేసి ఓడెక్కించి పంపేస్తారట. దీవుల్లో చెరకు నరుక్కుంటూనైనా బతికి ఉంటావు కదరా."

"ఆ పంక్తి నా నోటంట రాదు."

"ముంగో."

"చచ్చినా రాదు. చస్తున్నాగా, ఇంకేం కావాలి వాళ్ళకి? తిట్టు కొట్టెయ్. ఆ ఏడుపు కూడా కొట్టెయ్. అక్కని తలుచుకుని ఏడవడం ఏంటే, ఊరంతా నవ్విపోతారు. ఎలియట్లు ఏడవరు."

"ఏడిస్తేనే అమ్ముడవుతుంది" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

"నా చావు, నా మాట" అని కాగితం నా ఒళ్ళోకి విసిరాడు.

నేనేమీ కొట్టెయ్యలేదు. తిట్టూ ఉంచాను, ఏడుపూ ఉంచాను. వాడికి పంతం ఉంటే నాకు లేదా? వేసిన కాగితాలు సగం ఫెమీకి ఇచ్చాను. ఫెమీ మా ఉరిపాటలు పాడి అమ్మే మనిషి. గొంతు విప్పితే గుర్రాలు కూడా ఆగి వింటాయి. తెల్లారగానే రేవు దాటి అవతల సంతకు పోతుంది. పోయేదారిలో రేవు కాపలా సిపాయిలకు ఎప్పుడూ మొదటి బేరం పెడుతుంది. ఆ రోజూ అలాగే పెట్టింది. అంటే మా తమ్ముణ్ణి ఇంకా జైలు గుమ్మం దాటించకముందే, రేవు దగ్గర వాడు చచ్చిపోయాడు.

ఉరి చూడ్డానికి నేను వెళ్ళలేదు. అచ్చాఫీసు వెనక ఏటి మెట్ల మీద కూర్చుని, సిరా పట్టిన సీసపు అక్షరాలు కడుగుతున్నాను. వంతెన వైపు డప్పులు వినిపిస్తున్నాయి. వినకూడదని ఇంకా గట్టిగా తోముతున్నాను. ఉన్నట్టుండి డప్పులు ఆగిపోయాయి. జనం గోల లేచింది. తుపాకులు పేలాయి. నా చేతుల్లోంచి అక్షరాల పళ్ళెం జారి ఏట్లో పడింది.

తరవాత తెలిసింది, వంతెన మీద బండి ఇరుసు విరిగిందట. వేరే బండిలోకి ఎక్కించడానికి కాళ్ళ కట్లు విప్పారట. ఆ విప్పిన క్షణంలోనే మా వాడు గోడ మీంచి ఏట్లోకి దూకాడు. వానలకు ఏరు నిండుగా పారుతోంది. సిపాయిలందరూ దిగువకు పరుగెత్తారు. వీడు ఎలియట్ పుట్టుక, చిన్నప్పటినుంచీ ఆ ఏట్లోనే మునిగి తేలినవాడు. ఒడ్డు నీడన నీళ్ళలో నక్కి నక్కి ఎగువకే పాకి, మా మెట్ల దగ్గర తల పైకెత్తాడు. చేతులు ముందుకు కట్టే ఉన్నాయి.

"అక్కా, తాడు కొయ్యి" అన్నాడు, పళ్ళు టకటకలాడుతూ.

నా జన్మలో అంత వేగంగా పని చేసి ఎరగను. కాగితాలు కోసే కత్తితోనే తాడు కోశాను, దానితోనే గడ్డం గీసేశాను. రెండుచోట్ల తెగింది. తడిబట్టలు పొయ్యిలో పడేసి, మా ఆయన కోటు తొడిగాను. మొహానికి, చేతులకు సిరా పులిమాను. ఒళ్ళంతా ఏదో పూనినట్టుంది. సంతోషమో, భయమో నాకే తెలియలేదు. చచ్చిపోయాడనుకున్న మనిషి కళ్ళ ముందు నిలబడి చలికి తిట్టుకుంటున్నాడు. ఇంకేం కావాలి?

"అటకెక్కి దాక్కుంటా" అన్నాడు.

"మొదట వెతికేది నా అటకే. దాక్కుంటే దొరికిపోతావు. అమ్ముకుంటూ పోదాం పద."

"ఏం అమ్మను?"

మిగిలిన ఉరిపాటల కట్ట వాడి చంకలో పెట్టాను. "నిన్నే."

ఒక్క క్షణం నా మొహం చూశాడు. తరవాత పగలబడి నవ్వబోతే నోరు మూశాను.

వెనక సందులోంచి బయటపడి రేవు బాట పట్టాం. దారిలో కనిపించిన ప్రతివాడి దగ్గరా నేను గొంతు చించుకుని అరిచాను. "ఉరిపాట, ఉరిపాట, ముంగో ఎలియట్ ఉరిపాట!" ఇద్దరు రైతులు కొన్నారు కూడా. మా వాడు తన చావును తన చేత్తోనే అందించాడు.

రేవులో మనుషుల్ని దాటించే పంటు ఇవతల ఒడ్డునే ఉంది. సార్జెంటు పీపా మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. అతని మోకాలి మీద ఫెమీ అమ్మిన కాగితం పరిచి ఉంది.

"ఏం అచ్చాఫీసమ్మా, నువ్వే బయల్దేరావేంటి? తమ్ముడు పోయాడుగా, ఇవాళైనా కొట్టు మూసుకోకపోయావా?"

"మూస్తే నువ్వు పెడతావా నాకు కూడు?" అన్నాను. మామూలు రోజుల్లో ఎలా అంటానో అలాగే అన్నాను.

"ఈడెవడు?"

"ఫెమీ తమ్ముడు. బుర్ర లేదు గానీ గొంతుంది."

సార్జెంటు పంటువాడికి చెయ్యి ఊపాడు. మా వాడు ఒక కాలు పంటు మీద వేశాడు. అప్పుడే వెనక గుర్రం డెక్కలు వినిపించాయి. రౌతు ఒకడు బురద చిమ్ముకుంటూ వచ్చి ఆగాడు. కొత్తగా లండన్ వైపు నుంచి వచ్చిన కుర్రాడు.

"రేవు మూసెయ్యండి. ముంగో ఎలియట్ తప్పించుకున్నాడు."

సార్జెంటు రొట్టె నములుతూనే కాగితం చూపించాడు. "నీ కబురు పాతదయ్యా. పొద్దున్నే పోయాడు. ఇదిగో, అచ్చులో ఉంది. ఏడుస్తూ పోయాడంట."

"పోవడం ఏంటండీ? ఏట్లోకి దూకాడు."

"నువ్వు చూశావా?"

"నేను చూళ్ళేదు, కెప్టెన్ గారు చెప్పమన్నారు."

"ఆయన మాత్రం ఎప్పుడు సరిగ్గా చూశాడు? సరేలే, చూద్దాం. ఆడు ఎలా ఉంటాడు?"

రౌతుకు తెలియదు. సార్జెంటు కాగితం మీది బొమ్మకేసి చూశాడు. పెద్ద టోపీ, బారెడు గడ్డం, గద్దముక్కు. సిపాయిలందర్నీ పిలిచి బొమ్మ చూపించి, "ఇలాంటోడు కనిపిస్తే పట్టుకోండి" అన్నాడు. గొర్రెల దొంగ పోయి ఎన్నేళ్ళయిందో. నాకు నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కున్నాను.

ఆ రౌతు మాత్రం కదల్లేదు. మా వాడి మెడ మీద కత్తి గాట్ల నుంచి ఇంకా నెత్తురు ఊరుతోంది. అటే చూస్తున్నాడు.

"ఇతనెవరు?"

"పాడేవాడు" అన్నాడు సార్జెంటు. "ఏదీ, పాడరా. ఈ బాబుకి నమ్మకం కలగాలి. చివరిదాకా పాడు, ఆ తిట్టు భలేగుంటది."

ముంగో గొంతు సవరించుకున్నాడు. మొదటి పంక్తి పాడాడు. రెండోది పాడాడు. వాడి గొంతు ఇంత బాగుంటుందని నేనెప్పుడూ గమనించలేదు. తరవాత ఆగిపోయాడు.

వాడి దవడ బిగుసుకుంది. ఆ బిగింపు నాకు తెలుసు. గుమ్మానికి అడ్డం పడుకున్న నన్ను దాటుకుని వెళ్ళిన రోజున కూడా అలాగే బిగించాడు. చచ్చినా రాదన్నాడు. రాదు.

"మరిచిపోయాడా ఏంటి?" అన్నాడు సార్జెంటు. రౌతు చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది.

"ఒరేయ్" అన్నాను. తిడదామని నోరు తెరిచాను. ఆ ఒక్క మాటే వచ్చింది, అదీ వణుకుతూ. నా నోరు పడిపోవడం వాడు చూడటం, పుట్టాక అదే మొదటిసారి.

ముంగో నా వంక చూశాడు. తప్పించినవాళ్ళకు కూడా అదే ఉరికొయ్య. ఆ సంగతి వాడికి అప్పుడే తట్టినట్టుంది. కళ్ళు దించుకున్నాడు.

వాడి వంశం మట్టిలో కలవ, వాడి జెండా చిరిగిపోను.

పాడేశాడు. స్పష్టంగా, గట్టిగా, అవతలి ఒడ్డుకు కూడా వినపడేలా పాడాడు. నాలుగో పంక్తి ఎత్తుకున్నాడు. అక్కను తలచి అన్న దగ్గర గొంతు పగిలిపోయింది. సిరా పూసిన చెంపల మీద రెండు తెల్లటి గీతలు దిగాయి.

"ఏడుపు భలే వచ్చిందిరా నీకు" అని సార్జెంటు మెచ్చుకుని, రౌతు కోసం ఇంకో కాగితం కొన్నాడు. "పొండి, సంతకు ఆలస్యం అవుద్ది."

పంటు కదిలింది. నేను ఇవతలే ఉండిపోయాను. ఇద్దరం పోతే కొట్టు ఖాళీగా ఉందని ఊరు పసిగడుతుంది. వాడు వెనక్కి తిరిగి చూడలేదు, చూడకూడదు కూడా. అవతలి గట్టెక్కి, జమ్ముగడ్డి వెనక్కి పోయి, కనపడకుండా అయ్యాడు. నేను ఖాళీ చేతులు ఊపుకుంటూ ఇంటికొచ్చి తలుపేసుకుని, కోటు వదిలిన కొక్కేన్ని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. వాడిక ఎంత దూరంలో ఉన్నా సరే, ఊపిరితో ఉన్నాడు. అది చాలనుకున్నాను.

సోదా చేశారు, నన్ను నానా మాటలూ అన్నారు. బతికున్నవాణ్ణి చచ్చాడని ఎలా వేశావని గద్దించారు. "ఎప్పుడూ అలాగే వేస్తాను, మీరు ఉరి తియ్యకపోతే నాదా తప్పు?" అన్నాను. ఈలోపు ఫెమీ పుణ్యమా అని సరిహద్దు రెండువైపులా ముంగో చచ్చాడనే పాట. ఖైదీ చెయ్యి జారిపోయాడని చెప్పుకోవడం కన్నా పాటే నిజమనుకోవడం వాళ్ళకు పరువుగా తోచింది. నాకు మాత్రం వాడి కబురు ఒక్కటీ లేదు. ఓడ దొరికిందో, ఏ కొండల్లోనో ఆకలికి పోయాడో. వాడి పేరు పైకి ఎత్తి అడిగే వీలు కూడా లేదు.

మంచు కరిగాక ఫెమీ వచ్చింది. "అమ్మా, ఇది చూడండి. ఉత్తరాన ఓడరేవులో మన పాట దొంగతనంగా వేసి అమ్ముతున్నారు. అక్షరమైనా కూడబలుక్కోవడం రాదు ఆ వెధవలకి, పంక్తి మార్చేశారు" అని ఒక నాసిరకం కాగితం బల్ల మీద పెట్టింది.

మొదటి రెండు పంక్తులూ నావే. మూడో పంక్తిలో తిట్టు లేదు. "వాడి జెండా మోసినందుకు నాకు సిగ్గేమీ లేదు" అని ఉంది. ఆ పంక్తి మార్చాలని పంతం ఉన్నవాడు ఈ లోకంలో ఒక్కడే. మొండి వెధవ, గట్టెక్కాడు. నా పాటకు దిద్దుబాటు పెట్టేంత తీరిక కూడా దొరికింది.

నాలుగో పంక్తి ఎలా మార్చాడో చూద్దామని కాగితాన్ని దీపం దగ్గరకు జరిపాను.

మార్చలేదు. అక్కను తలచి ఏడుస్తూ, అని నేను పేర్చినట్టే ఉంచాడు.