ఎనిమిదో కోట అవతల

నేను ఒక వీడియో గేమ్ పెట్టెను. పేరడిగితే చెప్పలేను. ఒంటిమీద ఇంగ్లీషులో ఏదో అచ్చయి ఉంటుంది గాని, అది ఎవరో గొప్పింటివాడి పేరును ఒక అక్షరం అటూ ఇటూ చేసి నాకు తగిలించింది. సముద్రాల అవతల ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను బిగించిన అమ్మాయి ఆఖరి మర తిప్పుతూ గట్టిగా ఆవులించింది. నా పుట్టినరోజు వేడుక అంతవరకే.

అట్టపెట్టె మీద మాత్రం నా గురించి కోతలు బాగా కోశారు. లోపల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలున్నాయని రాశారు. నిజానికి ఉన్నవి ఏడు. ఆ ఏడింటినే రంగు మార్చి, పేరు మార్చి మళ్ళీ మళ్ళీ చూపిస్తాను. కొన్నవాళ్ళలో ఒక్కరైనా చివరిదాకా లెక్కపెట్టిన పాపాన పోలేదు. బోలెడు ఉన్నాయన్న ధీమా ఉంటే మనుషులకు చాలు, అసలు ఎన్నున్నాయో అక్కర్లేదు.

ఎవరి సూట్‌కేసులోనో చీరల మడతల్లో దాక్కుని మద్రాసు చేరి, అక్కడినుంచి రైలెక్కి తెనాలిలో దిగాను. బాజీ అనే అతనికి అక్కడ వీడియో క్యాసెట్ల అద్దె కొట్టు ఉండేది. సినిమా క్యాసెట్లతో పాటు నన్నూ పూటకింతని అద్దెకిచ్చేవాడు. ఎన్ని ఇళ్ళు తిరిగానో, ఎన్ని టీవీల వెనక దుమ్ము తిన్నానో! ఎక్కడికెళ్ళినా ఒకటే మర్యాద. పిల్లలు ఎగిరి గంతేసేవాళ్ళు, పెద్దవాళ్ళు "పిక్చర్ ట్యూబు పోద్ది, తీసెయ్యండ్రా" అని కేకలేసేవాళ్ళు. నావల్ల పోయిన పిక్చర్ ట్యూబు ఒక్కటీ లేదు. అయినా టీవీలో బొమ్మ కాస్త వణికినా నేరం నా నెత్తినే పడేది.

కేబుల్ వచ్చి క్యాసెట్ల గిరాకీ పడిపోయాక బాజీ ఆ కొట్టులో టెలిఫోన్ బూత్ పెట్టుకున్నాడు. సామాను వదిలించుకుంటూ నన్ను కోదండపాణికి అమ్మాడు. నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా ఆయన. నాలుగేళ్ళ కూతురు విరజ కోసమని చెప్పి కొన్నాడు. విరజ చేతిలో రిమోటు ఇమడలేదు. మీటల పలకను ఆ రోజుల్లో అందరూ రిమోటే అనేవాళ్ళు. ఆ వంకతో కొన్నాళ్ళు ఆయనే ఆడాడు. మొదటి గోతిలో పడి చచ్చేవాడు, లేచి మళ్ళీ అదే గోతిలో పడేవాడు. చివరికి ఒకరోజు "ఇది చిన్నపిల్లల వ్యవహారం" అని తేల్చేసి, చొక్కా తొడుక్కుని బజారుకు వెళ్ళిపోయాడు.

ఆయన ఓడిపోయింది పొట్టి సిపాయి ఆటలో. నా ఏడింటిలో ఆడదగ్గది అదొక్కటే. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక బుడ్డ సిపాయి ఎనిమిది కోటలు దాటాలి. దారిలో గోతులు, నిప్పు బంతులు, కూలిపోయే వంతెనలు. ఉన్నవి మూడు ప్రాణాలు. అవి అయిపోతే మళ్ళీ మొదటి కోట నుంచే. స్విచ్ ఆపేసినా అంతే. ఆ కాలం పెట్టెలకు జ్ఞాపకశక్తి లేదు. మరి ఇంత కథ ఎలా చెబుతున్నావని అడుగుతారేమో. ఆటలు గుర్తుండవు గాని, ఆడినవాళ్ళను నేను మరిచిపోలేదు.

కోదండపాణి భార్య ఇందుమతి. ఒక మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, చేతులు కొంగుకు తుడుచుకుంటూ టీవీ మీద దుమ్ము దులపడానికి వచ్చి, ఊరికే రిమోటు తీసి చూసింది. మొదటి గొయ్యి దాటింది. రెండోదీ దాటింది. అటు తర్వాత దుమ్ము సంగతి మరిచిపోయి కింద కూర్చుంది. నేను చాలా చేతుల్లో నలిగాను. నన్ను పిసికినవాళ్ళున్నారు, కొట్టినవాళ్ళున్నారు, కోపమొస్తే గోడకేసి విసిరినవాళ్ళున్నారు. మల్లెమొగ్గలు కట్టే ఆ వేళ్ళకు మాత్రం ఎంత ఒత్తాలో, ఎప్పుడు వదలాలో తెలుసు. అందరికీ వడ్డించాక మిగిలింది తినే మనిషి, తనకంటూ ఏదీ అడగని మనిషి, ఆ పూట ఒక గంట తనకోసం అట్టేపెట్టుకుంది. అప్పటిదాకా నేను అందరికీ కాలక్షేపాన్ని. ఆమెకు మాత్రం కావలసినదాన్నయ్యాను.

ఆ ఇంటి పెద్దావిడ, ఇందుమతి అత్తగారు, సీతారావమ్మ. ఆవిడకొక అలవాటు ఉంది. మనిషి లేని గదిలో స్విచ్ వేసి ఉంటే ఆవిడ ప్రాణం ఒప్పుకోదు. ఫ్యాను గానీ, లైటు గానీ, రేడియో గానీ, ఠక్కున ఆపెయ్యాల్సిందే. ఇందుమతి మొట్టమొదటిసారి ఎనిమిదో కోటలో అడుగుపెట్టిన రోజునే వాన మొదలైంది. డాబా మీద వడియాలున్నాయి. సిపాయిని వంతెన ముందర నిలిపి ఉంచే మీట నొక్కి ఆమె మెట్లకేసి పరిగెత్తింది. సీతారావమ్మ గదిలోకి వచ్చింది. మనిషి లేదు, స్విచ్ వేసి ఉంది. ఠక్.

తడిసిన జుట్టుతో, వడియాల చాటతో తిరిగొచ్చిన ఇందుమతి నల్లగా ఉన్న టీవీని చూసి అక్కడే నిలబడిపోయింది. ఏడుపు ఆపుకోవాలని చూసింది. ఆగలేదు.

"ఏందే ఇందూ, ఏమైంది? వడియాలు తడిసినయ్యా?"

"కాదత్తయ్యా."

"మరి ఏడుస్తావేందే?"

"ఇన్నాళ్ళకి ఎనిమిదో కోట దాకా వచ్చాను. మీరు ఆపేశారు."

సీతారావమ్మకు కోటా తెలియదు, సిపాయీ తెలియదు. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఈ పిల్ల తన ఎదుట ఏడవడం ఇదే మొదలని మాత్రం తెలుసు. చాప తెచ్చి టీవీకి ఎదురుగా పరిచింది.

"మళ్ళీ ఎక్కించు. ఈసారి నేను కాపలా కూచుంటా. ఎవరాపుతారో చూస్తా."

అత్తాకోడళ్ళు కలిసి కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారో ఊహించే మగవాళ్ళు ఆ మధ్యాహ్నాలను చూసి ఉంటే బిత్తరపోయేవాళ్ళు. ఇందుమతి ఆడేది. సీతారావమ్మ విసనకర్ర పట్టుకుని నా అడాప్టరుకు విసిరేది. అది వేడెక్కి కాలిపోతుందని ఎవరో చెప్పారట. ఇంట్లో మనుషులకు కూడా ఆవిడ అంత శ్రద్ధగా విసిరి ఎరగదు. కరెంటు తీసే వేళ దగ్గర పడితే "తొందరగా పోనియ్యవే, ఆ మహానుభావులకు మనవాడి పాట్లు తెలవవు" అనేది. సిపాయి చచ్చిపోతే నాలుక చప్పరించేది, లేస్తే "లేచాడు, బంగారు తండ్రి" అనేది.

"ఇంతకీ ఆ ఎనిమిదో కోట అవతల ఏముండిద్దే?" అని ఒకరోజు అడిగింది.

"తెలీదత్తయ్యా."

"రాకుమారి ఉంటుందమ్మా," అన్నాడు పేపరు వెనకనుంచి కోదండపాణి, చూసొచ్చినట్టు.

"నువ్వు ముందా మొదటి గొయ్యి దాటి మాట్లాడరా," అంది తల్లి.

ఆ ప్రశ్న ఆవిడ తరచూ అడిగేది. అక్కడ ఏముందో నాకు తెలుసు. ఏమీ లేదు. ఆట తయారుచేసినవాళ్ళకు నా కడుపులో చోటు చాలలేదు. అందుకని చివర ఇంగ్లీషులో రెండు వరుసలు పెట్టి, సిపాయిని తిరిగి మొదటి కోట ముందు దించేశారు. ఆ పెద్దావిడ రోజురోజుకీ అక్కడ ఒక సింహాసనమో, ఒక రాణిగారో, ఒక పూలతోటో పెంచుకుంటోంది. ఇవ్వడానికి నా దగ్గర అవేవీ లేవు. ఆ కోట దాటలేకపోతేనే నయమని పాపిష్టి ఆలోచన కూడా చేశాను.

వాళ్ళు దాటలేదు. ఆ వంతెన అలాంటిది. చెక్క తర్వాత చెక్క ఊడిపడుతుంది, ఎప్పుడు దూకాలో అంతుపట్టదు. ఈలోగా విరజ పెద్ద తరగతులకు వచ్చింది, చదువు పాడవుతుందని నన్ను అటకెక్కించారు. తర్వాత ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది, ఆ తర్వాత చేతికో ఫోను. విరజ హైదరాబాదులో ఆటలు తయారుచేసే కంపెనీలో చేరి, పండగ బోనసుతో తల్లికి ఒక పెద్ద కొత్త పెట్టె కొనిపెట్టింది. హాల్లో ఏం జరుగుతోందో అటక మీదనుంచి వింటూ ఉండేదాన్ని. అందులో కొండలట, గుర్రాలట, గడ్డి మీద గాలి కూడా కనిపిస్తుందట. ఇందుమతి గుర్రమెక్కి ఊళ్ళు తిరిగేది. సీతారావమ్మ పక్కనే కుర్చీ వేసుకుని ఆ వాన చప్పుడు విని "ఎంత నిండుగా కురుస్తందే" అని మురిసిపోయేది.

అబద్ధమెందుకు, మొదట కడుపు మండింది. కానీ ఇందుమతి నవ్వు అదే నవ్వు. ఆ గుర్రం కూడా గొయ్యి వస్తే దూకాల్సిందే, ఆ మీట నొక్కాల్సింది ఆ బొటనవేలే. ఆమెకు ఆట రుచి చూపించినదాన్ని నేను, ఇప్పుడు విస్తరి నిండా వడ్డిస్తున్నవాళ్ళు వేరేవాళ్ళు. ఆమె ఆకలి తీరుతుంటే నాకు ఏడుపెందుకు అనిపించింది. ఆ కొత్త పెట్టె మీద నాకు ప్రేమే కలిగింది.

మొన్న వేసవిలో విరజ ఇంటికి వచ్చి కొన్నాళ్ళుంది. గొంతులో హుషారు లేదు. తను రెండేళ్ళు కష్టపడి చేసిన ఆటను కంపెనీవాళ్ళు మూసేశారు. ఫోన్లలో ఆడే ఆట అది, వాళ్ళు అక్కడ మూయగానే ఇక్కడ అందరి చేతుల్లోంచీ మాయమైపోయింది.

"ఒకసారి చూద్దామన్నా దొరకదు నానమ్మా. అసలు లేనట్టే," అంది.

"ఇంతకీ దాని చివర ఏముందే?" అని సీతారావమ్మ అలవాటుగా అడిగింది.

"చివర ఉండదు నానమ్మా. చివరంటూ ఉంటే జనం వెళ్ళిపోతారని మావాళ్ళ భయం."

పెద్దావిడకు నీటికాసుల జబ్బుతో చూపు దాదాపుగా పోయింది. వెలుతురూ నీడా తప్ప ఏమీ ఆనవు. చెవులు మాత్రం పాము చెవులు.

"నా చెవులు పనిచేస్తన్నప్పుడే ఆ ఎనిమిదో కోట దాటించవే ఇందూ," అంది. "అవతల ఏముందో తెలవకుండా పోతానేమోనని దిగులుగా ఉంది."

విరజ దగ్గర అరచేతిలో ఇమిడే ఒక పెట్టె ఉంది. పాత ఆటలన్నీ అందులో కాపురమున్నాయి, మా పొట్టి సిపాయి కూడా. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి, చచ్చిన చోటే మళ్ళీ లేవచ్చు. విరజ దాన్ని ఆడించింది. సీతారావమ్మ కాస్త విని, వెంటనే కాదంది.

"వీడు మనవాడు కాదే. వీడెవడో గబగబా పరిగెత్తుతున్నాడు. మనవాడి పాట నింపాదిగా ఉండేది."

నిజమే. నాలో వేసిన నాసిరకం సరుకు వల్ల నా పాట అసలుదానికన్నా నెమ్మది. బాజీ కొట్టుకు వచ్చిన ఒకాయన దాన్ని పట్టుకుని నన్ను చవక సరుకని తీసిపారేశాడు. ఆ కుంటి నడకను ఒక మనిషి ఇన్నేళ్ళు మనసులో దాచుకుంది! అటక మీద ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

నన్ను దించారు. లోపలున్న బల్లిగుడ్లు దులిపారు. కొత్త టీవీకి నా తీగ పట్టదు కాబట్టి విరజ మధ్యలో ఒక చిన్న పెట్టె తగిలించింది, కొత్త అడాప్టరు తెచ్చింది. స్విచ్ వెయ్యగానే నేను ఒకసారి గొణిగి, పలికాను. పాట మొదలవగానే సీతారావమ్మ రెండు చేతులూ జోడించింది. దేవుడికి పెట్టే దండం పెట్టించుకోవడానికి నేనెంతదాన్ని?

రోజూ మధ్యాహ్నం మళ్ళీ మొదలైంది. ఇందుమతి వేళ్ళకు ఇప్పుడు కీళ్ళ నొప్పులు. ఏడు కోటలు దాటి, ఎనిమిదోదాని వంతెన దగ్గర పడిపోయేది. చివరికి పెద్దావిడే దారి కనిపెట్టింది. చూపున్నప్పుడు ఆవిడ కూడా చెక్కలకేసే చూసేది, ఇప్పుడు ఆవిడకు పాట ఒక్కటే ఉంది.

"ఇందూ, చెక్క ఊడే ముందు గంట మోగినట్టు ఒక చప్పుడొస్తంది. నేను కొడతా, నువ్వు దూకు."

కుర్చీ చెయ్యి మీద ఆవిడ తాళం వేసింది. ఇందుమతి తెరను చూడడం మానేసి ఆ చెయ్యి చప్పుడుకే దూకింది. కాఫీ అడగడానికి వచ్చిన కోదండపాణి సంగతి గ్రహించి, చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళి తనే పాలు పెట్టుకున్నాడు. తాళం పడింది, సిపాయి దూకాడు. మళ్ళీ పడింది, మళ్ళీ దూకాడు. ఆఖరి చెక్క ఊడేసరికి వాడు అవతలి గట్టు మీద ఉన్నాడు. విరజ కేక పెట్టింది. కోట తలుపులు తెరుచుకున్నాయి.

నాకు మాత్రం సిగ్గుతో మూర్ఛ వచ్చినంత పనైంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు రెండు వరుసలు వచ్చాయి, అందులోనూ ఒక తప్పు. అంతే. సిపాయి తిరిగి మొదటి కోట ముందు నిలబడ్డాడు.

"ఏముందే? చెప్పవే!" సీతారావమ్మ కుర్చీలో ముందుకు వంగింది.

విరజ తల్లికేసి చూసింది. కావాలంటే ఇందుమతి రత్నాల సింహాసనం చెప్పవచ్చు, పూలతోట చెప్పవచ్చు, ఆవిడ నమ్ముతుంది. ఏదో ఒకటి అల్లి చెప్పి నా పరువు కాపాడు తల్లీ అని మనసులోనే వేడుకున్నాను. ఇందుమతి కళ్ళు తుడుచుకుని ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఏం లేదత్తయ్యా. బాగా ఆడారని రెండు ముక్కలు రాశాడు. మళ్ళీ మొదటి కోట దగ్గరికే తెచ్చి నిలబెట్టాడు."

పెద్దావిడ చెవి ఒగ్గి వింది. మొదటి కోట పాట అప్పుడే అందుకుంది. ఆ ముడతల మొహం మెల్లగా విప్పారింది.

"అంతేనా! నేనింకా ఆట అయిపోయిద్దేమో, రేపట్నించి మధ్యాహ్నాలు మనిద్దరం ఏం చెయ్యాలా అని బెంగ పెట్టుకున్నా. కానీయ్ మరి, గొయ్యి వస్తంది చూసుకో."

ఇవ్వడానికి ఏమీ లేదని ఇన్నేళ్ళు కుమిలిపోయాను. నా దగ్గర లేనిదేదో కాదు, ఉన్నదే ఆవిడకు కావలసింది. ఆ ఇంటికి, ఆ ఇద్దరికి నేను రుణపడి ఉన్నాను. ఇందుమతి వేళ్ళు ఒకసారి విదిలించుకుని, దూకింది.